బహ్రెయిన్ చిరుజీవులు

సౌదీ అరేబియా తూర్పు తీరానికి ఎదురుగా గల్ఫ్ సముద్రంలో ఉన్న దీవుల దేశం బహ్రెయిన్. విస్తీర్ణం సుమారు 780 చదరపు కిలోమీటర్లు. అందులో కొంత సముద్రాన్ని పూడ్చి కలుపుకున్నదే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. ఏడాది మొత్తానికి పది సెంటీమీటర్ల వాన కూడా పడదు. మహాసముద్రాల నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే, ఇక్కడి నీటిలో 40 గ్రాములకు పైనే ఉంటుంది. విమానం కిటికీలోంచి చూస్తే ఇసుక, సున్నపురాయి, నిస్సారమైన తీరం తప్ప ఏమీ కనిపించవు. ఉన్న ప్రాణమంతా లోలోపల సర్దుకుని ఉంది: చిప్పలో, పగడపు కణంలో, ఉప్పు బురద పొరల్లో, ఖర్జూరపు మానులో. ఒక జీవి ఒంట్లో మరో జీవి కాపురం పెట్టడం లోకమంతటా ఉన్నదే. అలాంటి కాపురాల మీద ఒక దేశపు సంపద వందల ఏళ్లు నిలబడిన ఉదాహరణలు మాత్రం తక్కువ. వాటిలో బహ్రెయిన్‌ది మొదటి వరస.

ముత్యపు చిప్ప

చమురు రాకముందు బహ్రెయిన్‌కు అన్నం పెట్టిన జీవి పింక్‌టాడా రేడియేటా అనే ముత్యపు చిప్ప. అరబ్బీలో మహార్ అంటారు. అరచేతిలో ఇమిడిపోయే పరిమాణం, బయట గోధుమరంగు మీద లేత చారలు, అంచున పెచ్చులు. తెరిస్తే లోపల తళతళలాడే పొర, దాన్ని అంటుకుని మెత్తటి ఒళ్లు. తల లేదు, మెదడు అనదగ్గది లేదు. ఇంత సాదా ప్రాణికి ఎంత మలుపులున్న జీవితం ఉందో ఇరవయ్యో శతాబ్దం దాకా చాలామందికి తెలియదు.

నీళ్లు వేడెక్కే నెలల్లో ఆడ చిప్పలు గుడ్లను, మగ చిప్పలు బీజాన్ని నేరుగా సముద్రంలోకి వదిలేస్తాయి. కలిసినవి కలుస్తాయి, మిగతావి చేపల పాలు. పుట్టిన పిల్లకు ఒకటి రెండు రోజుల్లోనే కంటికి ఆనని జంట పెంకు వస్తుంది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు అది సన్నటి వెంట్రుకల్లాంటి కేశికలను ఆడిస్తూ, నాచు కణాలు తింటూ, ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతుంది. స్థిరపడే వేళకు ఒంటిమీద చిన్న కంటిచుక్క, పాకడానికి ఒక పాదం పుడతాయి. అప్పటికి దాని పొడవు మిల్లీమీటరులో నాలుగోవంతు ఉంటుందేమో! ఆ పాదంతోనే అడుగుభాగాన్ని తడిమి చూసుకుంటుంది. రాయి, చచ్చిన పగడం, పాత చిప్ప, ఏదో ఒకటి నచ్చితే సన్నటి పోగులు స్రవించి దానికి కట్టేసుకుంటుంది. ఇసుకలో పడినవి బతకవు. అందుకే ముత్యపు చిప్పల మేటలు సముద్రమంతటా ఉండవు, గట్టి అడుగున్న చోట్లే ఉంటాయి. ఆ మేటలను బహ్రెయినీలు హైర్ అంటారు.

మరో విశేషం. ఈ చిప్పల్లో చాలావరకు మొదట మగవిగా పక్వానికి వచ్చి, పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. గుడ్డు తయారుచేయడానికి బీజం కన్నా ఎంతో ఎక్కువ శక్తి కావాలి. ఒళ్లు చిన్నగా ఉన్నప్పుడు చౌక పని, పెద్దయ్యాక ఖరీదైన పని! తిండి కోసం మాత్రం అది ఎక్కడికీ కదలదు. గంటకు లీటర్ల కొద్దీ నీటిని మొప్పల మీదుగా లాగి వడకట్టుకుంటుంది. మనం పట్టించుకోని ఈ వడపోతే చిప్పల మేటల చుట్టూ నీటిని తేటగా ఉంచుతుంది.

ముత్యం పుట్టుక

స్వాతి కార్తెలో కురిసిన చినుకు నోరు తెరిచిన చిప్పలో పడితే ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పేవారు. వానచినుకు కథ అరబ్బుల్లోనూ ఉంది. రోమన్ రచయిత ప్లినీ మంచు బిందువుల కథ రాశాడు. గల్ఫ్‌లో తైలోస్ అనే దీవి ముత్యాలకు పేరుమోసిందనీ ఆయనే రాశాడు. ఆ తైలోస్ నేటి బహ్రెయినే. ఇక్కడ సముద్రం అడుగునుంచి మంచినీటి ఊటలు పైకి తన్నుకొస్తాయి. పడవల వాళ్లు తోలుసంచీతో మునిగి ఆ ఊటల దగ్గర తాగునీరు నింపుకునేవారు. మంచినీరు ఉప్పునీటితో కలిసే చోట కాబట్టే ఇక్కడి ముత్యానికి ఆ మెరుపు వచ్చిందని ఒక నమ్మకం. ఈ తరంలో ఎక్కువమంది నమ్మేది ఇసుకరేణువు కథ. శాస్త్రీయంగా వినిపిస్తుంది గానీ, చినుకు కథ కన్నా అది పెద్దగా మెరుగైనదేమీ కాదు. నిత్యం మట్టి కలిసిన నీటిని వడపోసుకునే జీవికి రేణువును బయటికి నెట్టేయడం చేతకాదా?

అసలు సంగతికి దారి చూపినవి పురుగులు. 1850లలో ఫ్రెడరిక్ కేలార్ట్ సింహళ ముత్యపు చిప్పలను కోసి చూసి, వాటిలోని పరాన్నజీవులకూ ముత్యాలకూ సంబంధం ఉందని రాశాడు. 1902లో లిస్టర్ జేమ్‌సన్ ఐరోపా తీరపు మసెల్ చిప్పల్లో ముత్యాలకు మూలం ఒక చదునుపురుగు పిల్ల అని చూపించాడు. అదే ఏడాది సింహళానికి వచ్చిన విలియం హెర్డ్‌మన్, ఆయన సహాయకుడు జేమ్స్ హార్నెల్ అక్కడి ముత్యాలకు కారణం ఒక బద్దెపురుగు పిల్లే అన్నారు. ఈ హార్నెల్ ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకు అధిపతి అయ్యాడు. అప్పట్లో మన కోస్తా జిల్లాలన్నీ ఆ శాఖ కిందివే. ఆ బద్దెపురుగు వర్గపు జీవితం రెండిళ్ల కాపురం. పిల్లగా ఉన్నప్పుడు చిప్ప ఒంట్లో గూడు కట్టుకుని కూర్చుంటుంది. బల్లపరుపుగా ఉండి చిప్పల్ని పళ్లతో పగలగొట్టి తినే టేకు చేప ఆ చిప్పను మింగితే, దాని పేగులో పెద్దదై గుడ్లు పెడుతుంది. అంటే టేకు చేప నోట పడడం చిప్పకు చావు, పురుగుకు పెళ్లి.

అయితే ఈ వాదమూ పూర్తిగా నిలవలేదు. 1912లో జేమ్‌సనే సింహళపు ముత్యాలను పరీక్షించి, హెర్డ్‌మన్ చెప్పినట్టు వాటి నడుమ పురుగులు కనిపించడం లేదన్నాడు. చివరికి తేలింది ఇది: ముత్యానికి కావలసింది లోపల ఏదో వస్తువు ఉండడం కాదు, చిప్ప పొరలోని కొన్ని కణాలు తమ చోటు తప్పడం. చిప్ప ఒంటిని కప్పి ఉండే పైపొర కణాలకు తెలిసిన పని ఒక్కటే, పెంకుకు లోపూత పూయడం. పురుగు దొలిచినా, పీత గీరినా, చేప కొరికినా ఆ కణాల్లో కొన్ని లోపలి మెత్తటి కండలోకి జారిపోతాయి. అక్కడ కూడా అవి తమ పని మానవు. గుండ్రంగా ఒక సంచిలా ముడుచుకుని, ఆ సంచి లోపలికే పూత పూస్తూ పోతాయి. ఆ పూతే ముత్యం. పురుగు గూడు దగ్గర ఉంటే దాని మీద, లేకపోతే ఖాళీ మీద.

ఆ పూతను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే అరగొనైట్ అనే సున్నపు స్ఫటికాల పలకలు వరసలుగా పేర్చి కనిపిస్తాయి. ఒక్కో పలక మందం మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. పలకల మధ్య ప్రొటీను జిగురు. ఇంత సన్నటి పొరల్లో కాంతి కొంత ఒక పొర మీద, కొంత మరో పొర మీద తగిలి వెనక్కి వచ్చి కలుసుకుంటుంది. ముత్యానికి ఉన్న ఆ మెత్తటి మెరుపు, అంచుల్లో కదిలే గులాబీ, ఆకుపచ్చ ఛాయలు అందువల్లనే.

చిప్పలోని ఇతర అద్దెదారులు

బద్దెపురుగు ఒక్కటే కాదు. వెచ్చటి సముద్రాల ముత్యపు చిప్పల్లో బఠాణీ గింజంత పీతలు కాపురముంటాయి. ఆడ పీత ఒకసారి లోపల పెరిగిందంటే మళ్లీ బయటికి రాదు. దాని పెంకు మెత్తబడిపోతుంది, రక్షణకు చిప్ప గోడలున్నాయి కదా. చిప్ప మొప్పల మీద పేరుకున్న తిండినే అది దారిలో లాగేసుకుంటుంది. చిన్న మగ పీత మాత్రం ఆడదాన్ని వెతుక్కుంటూ చిప్పలు మారుతుంది. పెంకుకు బయటినుంచి మరో బెడద: క్లియోనా అనే స్పంజిక సున్నాన్ని కరిగిస్తూ సొరంగాలు తవ్వుతుంది, పాలిడోరా అనే పురుగు పెంకులోకి తొలుచుకుపోయి ఆ బొరియలో బురద నింపుతుంది. చిప్ప ఆ చోట లోపలివైపు గబగబా పూత వేస్తుంది. పెంకుకు అంటుకుని ఉండే బుడిపె ముత్యాలు కొన్ని అలా వచ్చినవే.

ఈ లోపలి గొడవలేవీ మునకగాళ్లకు తెలియవు. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, మెడకు సంచి తగిలించుకుని నిమిషం, నిమిషంన్నర ఊపిరి బిగబట్టి, వేసవి నాలుగు నెలలూ రోజుకు పదుల మునకలు వేసేవారు. మర్నాడు ఉదయం పడవ నాయకుడైన నుఖదా ముందు కూర్చుని వంపు కత్తితో చిప్పలు తెరిచేవారు. వందల చిప్పల్లో చెప్పుకోదగ్గ ముత్యం ఒకటి దొరికితే దొరికినట్టు. బ్రిటిష్ అధికారి లోరిమర్ కూర్చగా 1908లో అచ్చయిన గల్ఫ్ గెజిటీర్ ప్రకారం బహ్రెయిన్‌కు 900కు పైగా ముత్యాల పడవలు, వాటి మీద 17,000కు పైగా జనం ఉండేవారు. వాళ్ల అప్పులు, వాళ్ల పెళ్లిళ్లు, ముహర్రఖ్ పట్టణంలోని వర్తకుల మేడలు అన్నీ, ఒక్కమాటలో, కొన్ని చిప్పలకు తగిలిన గాయాల మీద ఆధారపడ్డాయి.

ముత్యాలు బొంబాయికి చేరేవి. బహ్రెయిన్‌లో 1965 దాకా చలామణీ అయింది రూపాయే. బొంబాయి నుంచి హైదరాబాదుకు దారి ఎంతో దూరం కాదు. మన నగల వర్తకులు బస్రా ముత్యాలనే వాటిలో ఎక్కువభాగం బస్రాలో పుట్టినవి కావు, గల్ఫ్ చిప్పల మేటల్లో పుట్టినవి. ఆ రేవు పేరు తగిలించుకున్నాయంతే. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగల్లో ఏడుపేటల బస్రా ముత్యాల సత్‌లడా ఉంది.

పాలను విరగ్గొట్టినట్టు ఈ వ్యాపారాన్ని విరగ్గొట్టింది కూడా ఆ చోటు తప్పిన కణాల రహస్యమే. జపాన్‌లో మికిమోతో కోకిచి 1893లో అర్ధముత్యం పండించాడు. నిషికావా, మిసె అనే మరో ఇద్దరు కణపొర కీలకాన్ని పట్టుకున్నాక గుండ్రటి ముత్యం సాధ్యమైంది: ఒక చిప్ప పైపొర నుంచి చిన్న ముక్క కత్తిరించి, గుండ్రటి పూసతో పాటు మరో చిప్ప ఒంట్లో నాటడం. జపాను చిప్ప బహ్రెయిన్ చిప్పకు అతి దగ్గరి చుట్టం. పురుగు యాదృచ్ఛికంగా చేసే పనిని మనిషి చాకుతో లెక్కప్రకారం చేశాడు. 1920లలో సాగు ముత్యాలు బజారుకొచ్చాయి, 1929లో ఆర్థికమాంద్యం వచ్చింది, 1932లో బహ్రెయిన్‌లోనే జబల్ దుఖాన్ గుట్ట దగ్గర చమురు పడింది. మునక వృత్తి ముగిసినట్టే అయింది. ఈనాడు హైదరాబాదు పత్తర్‌గట్టిలో దండలుగా అమ్మేవి చాలావరకు చైనా మంచినీటి చిప్పల్లో పండించినవి. వాటిలో పూస కూడా ఉండదు, పొర ముక్క మాత్రమే నాటుతారు. ముత్యానికి లోపల రేణువు అక్కర్లేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

బహ్రెయిన్ మాత్రం సాగు ముత్యాల వ్యాపారాన్ని నిషేధించింది. 2017లో నెలకొల్పిన దానత్ సంస్థ ఎక్స్-రే, సీటీ స్కానులతో ముత్యం లోపలి పొరల్ని చూసి సహజమో కాదో తేలుస్తుంది. పూస నాటి ఉంటే నడుమ గుండ్రటి గీత బయటపడుతుంది. ముహర్రఖ్ ఇళ్లు, బూ మాహిర్ తీరం, మూడు చిప్పల మేటలు కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. మేడలూ కోటలూ వారసత్వం కావడం మామూలే. సముద్రం అడుగున చిప్పలు పెరిగే చోట్లు ఆ జాబితాకెక్కడం అరుదు.

పగడంలో నాచు

ఆ మూడు మేటల్లో ఉత్తరాన దూరంగా ఉన్న హైర్ బూ ల్థామాలో బహ్రెయిన్ జలాల్లో మిగిలిన మంచి పగడాలు ఉన్నాయి. తీరానికి దగ్గర్లోని ఫష్త్ అల్ అజ్మ్ పగడాల్లో ఎక్కువభాగం 1996, 1998 వేసవుల్లో తెల్లబడి చచ్చిపోయాయి.

తెల్లబడడమంటే అద్దెదారు వెళ్లిపోవడం. పగడపు పురుగు కణాల్లో ఒంటికణపు నాచు ఉంటుంది. ఎండతో చక్కెర చేసి ఇంటి యజమానికి పెడుతుంది. వేడి మితిమీరితే ఈ ఏర్పాటు చెడిపోతుంది, నాచు పోగానే పగడం అస్థిపంజరంలా తెల్లగా మిగులుతుంది. ఇతర సముద్రాల పగడాలు 30, 31 డిగ్రీలకే తల్లడిల్లుతుంటే, గల్ఫ్ పగడాలు 35 దాకా నెట్టుకొస్తాయి. వాటిలో ఉండే నాచును 2015లో కొత్త జాతిగా గుర్తించి థర్మోఫిలమ్ అని, అంటే వేడిని ఇష్టపడేది అని, పేరుపెట్టారు. ఇందులో అబ్బురపరిచే అంశం కాలం. గత మంచుయుగంలో గల్ఫ్ నేల చాలావరకు పొడిగా ఉండేది. సముద్రం నేటి మట్టానికి నిండి సుమారు ఆరువేల ఏళ్లే అయింది. ఆ కొద్ది వ్యవధిలోనే ఈ నాచు ఇక్కడ రాజ్యమేలే స్థితికి వచ్చింది. దానికీ ఓ హద్దుందని ఆ రెండు వేసవులు చూపించాయి.

ఉప్పు బురదలో పొరలు

రాజధాని మనామాకు దక్షిణాన ఉన్న తుబ్లీ అఖాతంలో రాస్ సనద్ దగ్గర కొద్దిపాటి మడ చెట్లున్నాయి. ఇవి మన కోరింగలోనూ పెరిగే తెల్లమడే, అవిసెన్నియా మరీనా. బురదలోంచి పెన్సిళ్లలా నిలబడ్డ ఊపిరివేళ్ల నడుమ పీతల బొరియలు, రొయ్యపిల్లలు. 1997లో చిత్తడి నేలల రామ్‌సర్ ఒప్పందం కింద రక్షిత స్థలమైనా, అప్పటికీ ఆ తర్వాతా పూడ్చివేతలతో అఖాతం బాగా కుదించుకుపోయింది.

గల్ఫ్ ఇసుక తీరాల్లో స్కోపిమెరా అనే వేలిగోరంత పీతను ఆటు సమయంలో గమనించవచ్చు. బొరియలోంచి బయటికొచ్చి ఇసుకను నోట్లోకి ఎత్తుకుంటుంది, రేణువులకు అంటిన డయాటములను, ఇతర సేంద్రియ పదార్థాన్ని వేరుచేసుకుని, మిగిలిన ఇసుకను ఉండచేసి పక్కకు విసిరేస్తుంది. పోటు వచ్చేలోపు బొరియ చుట్టూ ఆ ఉండలు వరసలు తీరతాయి.

ఇంకా పైకి, పోటు ఎప్పుడో గానీ అందని ఉప్పు చదునుల మీద ఎండిన తోలులాంటి పొర ఒకటి ఉంటుంది. చాకుతో కోస్తే పైన కొద్ది మిల్లీమీటర్ల మందాన నీలి ఆకుపచ్చ, దాని కింద ఊదా, ఆ కింద కుళ్లిన గుడ్డు వాసన వేసే నలుపు. పై వరసలో సయనోబాక్టీరియా కాంతిని తింటాయి. ఊదా వరసలోవి వాటికి పనికిరాని కాంతిని, కిందినుంచి వచ్చే గంధక వాయువును వాడుకుంటాయి. నల్ల వరసలోవి ప్రాణవాయువు లేకుండానే బతుకుతాయి. మధ్యాహ్నపు ఎండ మాడ్చేటప్పుడు పై వరస కణాలు ఇసుకలోకి దిగి, చల్లబడ్డాక మళ్లీ పైకి వస్తాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో సముద్రం పాలైన చమురు సౌదీ తీరాన్ని కప్పేసినప్పుడు, చమురు మీద ముందుగా పెరిగింది ఇలాంటి పొరలే. వాటిలో దాగున్న చమురు తినే బాక్టీరియాను తర్వాత ఎందరో పరిశోధించారు.

ఎడారి చెట్టు, ఖర్జూరం

జబల్ దుఖాన్ సమీపాన ఇసుకలో ఒంటరిగా నిలబడ్డ జీవవృక్షం పర్యాటకులందరికీ తెలిసిందే. నాలుగు వందల ఏళ్ల వయసంటారు. అది ప్రోసోపిస్ ప్రజాతిది, మన జమ్మి, సర్కారు తుమ్మల వర్గం. నీరెక్కడినుంచి వస్తుందని అందరూ అడుగుతారు. చెట్టు ఎదగడానికి అంతే అవసరమైన నత్రజని సంగతి ఎవరూ అడగరు. అమెరికా ఎడారుల్లో ఇదే వర్గపు చెట్ల కింద తవ్విన శాస్త్రజ్ఞులకు నేలపొరలో కాకుండా, మీటర్ల లోతున తడి ఉన్న చోట నత్రజనిని పట్టే బాక్టీరియా దొరికాయి.

చివరగా మన వైపు నుంచి వెళ్లిన వలసదారు ఒకటి: కోనసీమ కొబ్బరి రైతు బాగా ఎరిగిన ఎర్రముక్కు పురుగు. దక్షిణ, ఆగ్నేయాసియాలు దీని పుట్టిల్లు. 1980ల మధ్యలో గల్ఫ్ దేశాల ఖర్జూరాల్లో కనిపించింది. తెగులు సోకిన మొక్కలను, పిలకలను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడంతో వ్యాపించింది. బహ్రెయిన్ తోటలనూ వదల్లేదు. గాయం దగ్గర గుడ్డు, మాను లోపల పొదిగిన పిల్ల, నారతో అల్లుకున్న గూడు, అన్నీ చెట్టులోనే. నెలల తరబడి తరాలు గడిచినా పైనుంచి చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. మట్టలు వాలేసరికి లోపల మాను పిప్పిగా మారి ఉంటుంది. చెవి ఆన్చితే పిల్లలు నమిలే చప్పుడు వినిపించేంతగా ముదిరిన చెట్లూ ఉంటాయి. ఇప్పుడు ఆ చప్పుడును పసిగట్టడానికి మైకులు వాడుతున్నారు.

దీన్ని పట్టే ఎర దాని అలవాట్లలోంచే వచ్చింది. పులిసే తాటిజాతి రసం వాసనకు ఈ పురుగు ఆగలేదు. కల్లుగీత గాట్లున్న చెట్ల మీద వాలడం మనవాళ్లు చూసేదే. పైగా తిండి దొరికిన మగ పురుగు తోటివాళ్లను పిలిచే వాసన ఒకటి వదులుతుంది. ఆ రసాయనాన్ని 1990లలో గుర్తించి ప్రయోగశాలలో తయారుచేశారు. కన్నాలు పెట్టిన బకెట్లో నీళ్లు, పులిసిన ఖర్జూరాలు, పైన ఆ వాసన పొట్లం వేలాడదీస్తే ఆడ, మగ రెండూ వచ్చి పడతాయి. కోనసీమలో ఖర్జూరాలకు బదులు చెరకు ముక్కలో అనాస ముక్కలో వేస్తారు, అంతే తేడా.